డోల్మా వదిన మోమోలు

నల్లమాడ,
ఆగస్టు 2003

తిప్పేషన్నా,

నీ ఉత్తరం అందింది. వదిన చేతి వంట అమ్మ ముట్టడం లేదని, మిలిటరీ నుంచి సెలవుకు వచ్చి ఆమెను డార్జిలింగ్‌లోని పుట్టింటికి పంపేస్తానన్నావు. ఆ పని మాత్రం చేయొద్దు.

ఈ ఏడూ శనక్కాయ ఎండిపోయింది. చేను చూసొచ్చి అమ్మ అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకుంది. వదిన గోధుమపిండి కలిపి చిన్న పూరీల్లా ఒత్తింది. మునగాకు, ఉల్లిగడ్డ, దంచిన శనక్కాయ విత్తనాలు పెట్టి, అంచులు జడ అల్లినట్టు మడిచింది. పెనం మీద అడుగు ఎర్రగా కాల్చి, నీళ్లు పోసి మూత పెట్టింది. చుయ్యిమన్న చప్పుడుకు అమ్మ లేచి కూర్చుంది.

"ఏందిమ్మీ అది?"

"మోమో, అత్తా. మా ఊర్లో కోడిమాంసం పెడతారు. ఈడ ఉండేది పెట్టినా. తిను. రేపు చేనికి నేనూ వస్తా."

మన మాట ఎప్పుడు నేర్చిందో! అమ్మ తింటూనే ఏడ్చింది. నిజం చెప్పాలంటే నాకు కాస్త కుళ్లు పుట్టింది.

నిన్న పక్కింటి మారెక్క వచ్చి, "ఆ పిల్ల ఎప్పుడు పోతాది?" అని అడిగింది.

"యాడికి పోతాది? ఇది ఆయమ్మి ఇల్లు. కావాలంటే నా కొడుకునే పొమ్మను" అంది అమ్మ.

నీ చెల్లెలు