గనిలో పెనుగాలి

మంగళవారం, ప్రార్థన ముగిశాక

కోపం ఇంకా దిగలేదు. మా బంగారు గనుల చరిత్ర గురించి ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో అందరం కలిసి రాస్తున్న వ్యాసాన్ని ఈరోజు తెరిచాను. నేను ‘ఏర్ బ్లాస్ట్’ అని రాసిన చోట కోలారు మురళి ‘పెనుగాలి’ అని దిద్దాడు. ఒత్తిడికి గనిలోని బండ పగిలి మనుషుల మీద పడడాన్ని ఇక్కడ ఏర్ బ్లాస్ట్ అంటారు. నాయన పోయింది అందులోనే. ఇప్పుడు ఆ పేజీ చదివినవాడికి ఆయన గాలికి పోయినట్టు.

వెంటనే మురళికి ఫోన్ చేసి, అది గాలి కాదు, బండ అన్నాను.

“ఏరంటే గాలే కదన్నా? బండే అనేదానికి ఆధారం పెట్టు, మార్చేస్తాను.”

“ఆధారం గనిలోనే ఉండాదప్పా. మూసేసినంక నీళ్ళు నిండిపోయినాయి. ఈత వస్తే దిగి తెచ్చుకో.”

వాడు నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

అమ్మ పక్కనే కూర్చుని అంతా విన్నది. ఆ వాక్యం చదివి వినిపించమంది. చదివాను.

“బండ అనే రాయప్పా. గాలంటే దేవుడు పంపించినాడంటారు. బండంటే, ఆ చోటికి మనుషుల్ని దింపిందెవురని అడగొచ్చు.”

బైబిల్లో ఏలీయా ప్రవక్త ముందు వీచిన పెనుగాలిలో ప్రభువు లేడు. ఆ ప్రభువును మురళి మా గనిలోకి దించి హంతకుణ్ణి చేశాడు. పేజీలో ‘పెనుగాలి’ తీసేసి ‘బండ’ అని మార్చాను. వాడు మళ్ళీ చెరిపేస్తాడేమో. నాయన పనిచేసిన లోతులో పీల్చుకోవడానికే గాలి చాలేది కాదు, ఇక పెనుగాలి ఎక్కడిది...