జింకలు పైకి చూడవు

రాజన్నా,

నువ్వు సచ్చిపోయి ఇయ్యాల్టికి ఏడాది. ఈ ఉత్తరం నీకు అందదని ఎరికే. అయినా అడుగుత.

అల్ ఐన్‌ల మనకు పనిచ్చిన అరబ్బు కఫీల్ తోటల, జింకలను మేపే కాడ మనిద్దరం కట్టిన మంచె యాదికుందా? "జింకల మీదికి కుక్కలొస్తున్నయ్, పైనుంచి కావలి కాద్దాం" అన్నవు. మన మక్కచేను మంచె లెక్కనే అనుకొని, టేప్ రికార్డర్ల పాటలు పెట్టుకొని కట్టిన. "గడ్డి రోజూ మంచె కిందనే వెయ్యి. నీ గొంతు వింటే చాలు, అవే ఉరికొస్తయ్" అన్నవు. మెచ్చుకుంటున్నవని మురిసిన.

ఇయ్యాల పొద్దుగాల కఫీల్ దోస్తులు తుపాకులు పట్టుకొని ఆ మంచె ఎక్కిండ్రు. నేను బిత్తరపోయి చూస్తుంటే తోట మేనేజర్ ముదీర్ నవ్విండు. "జింకలు పైకి చూడవు, మంచె మీదినుంచి కొడితే అల్కగ పడ్తయని చెప్పింది మీ రాజన్ననే. నీకు తెల్వదా?"

పక్కపక్క మంచాలల్ల పండుకున్నం కదన్నా, నాకొక్క మాట చెప్తే నీ నోరు పడిపోతుండెనా?

జింకలను ఎల్లగొడదామని గొంతు చించుకొని అరిచిన. నా గొంతు గుర్తుపట్టి అన్నీ మంచె కిందికి ఉరికొచ్చినయ్.

తూటా తాకినంక గూడ తల్లిజింక పైకి చూడలే. నా దిక్కే చూసింది.