పదిహేనో తారీఖు ఫైల్

అన్నా,

నువ్వు పోయి నేటికి నెల. అమ్మ ఇంట్లో మాసికానికి వండుతోంది. నేను మన పటాన్‌చెరు కెమికల్ ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో, ట్రెయినీ కుర్చీలోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

నిన్న సర్వర్ డిస్కు పాడైంది. పోయిన నెల ఒకటో తారీఖు బ్యాకప్ టేపు ఎక్కించి, ఆ తర్వాత ఏ రోజు రాసినవి ఆ రోజు దాచిన లాగ్ ఫైళ్లను వరుసగా చదివిస్తున్నాం. ఒక్కటి వదిలేసినా తర్వాతివి ఎక్కవు.

పదిహేనున నువ్వు చెబుతుంటే నేనే ఫిర్యాదు టైప్ చేశాను. మూడో రియాక్టర్ వాల్వ్ దగ్గర వాసన వస్తోందని రాయబోతే, "వాసనంటే మల్లెపూలనుకుంటరే పిల్లా! గొంతు పట్టేస్తున్నదని రాయి" అని నవ్వావు. మర్నాడు అక్కడే పడిపోయావు. ముందుగా ఎవరూ చెప్పలేదని కంపెనీ అంటోంది. ఆ ఫిర్యాదు కాగితం మీద ఎక్కడా లేదు, పదిహేనో ఫైల్లోనే ఉంది.

ఇందాక మేనేజర్ వచ్చారు.

"పద్నాలుగుతోని ఆపెయ్ బిడ్డా. పదిహేనుది ఖరాబైంది."

"చూసిన సార్, మంచిగనే ఉంది."

"చెప్పింది చెయ్యరాదు? మిగిలిన నెలంతా రిజిస్టర్లు చూసి టైప్ కొడదాం."

ఒక్క రోజును వదిలించుకోవడానికి ఆయన నెల రోజుల పని నెత్తిన వేసుకుంటానంటే నాకు భయమేసింది. రేపటి నుంచి నీ చోట ఎల్లయ్య బావ డ్యూటీ ఎక్కుతున్నాడు. వాల్వ్ మార్చలేదు.

ఆయన అన్నానికి వెళ్లగానే గడియ పెట్టి పదిహేనో ఫైల్ ఎక్కించాను. సగం అయింది. బయట నుంచి నా పేరు పిలుస్తూ తలుపు బాదుతున్నారు. నేను లేవడం లేదు.