కాఫీ మడ్డిలో గుండె దడ

మిలొయ్కా వదినా,

తప్పులుంటే మన్నించు. అరవై దాటాక పట్టిన పెన్సిలు, మెల్లగానే నడుస్తుంది. అవతల బస్సు వేళవుతోంది.

చిక్కుడుగింజల పులుసు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో. చీకటి పడకముందే కోళ్లను మూసెయ్యి. రాత్రికి కాఫీ మాత్రం కాచకు.

ఎందుకు వద్దంటున్నానో నోటితో చెబితే సగంలోనే అడ్డుపడతావు, అందుకే రాస్తున్నాను. పక్క మీద వాలగానే గుండె దడదడలాడుతోందని నీకు చెప్పి నెలయింది. "కిటికీ సందు గాలి కొట్టిందే నీకు!" అని తలుపులన్నీ మూయించావు. ఉడికిపోయాను గానీ దడ పోలేదు. ఆ తర్వాత రోజూ రాత్రి చిక్కటి కాఫీ తాగించి, కప్పు బోర్లించి, అడుగున మిగిలిన మడ్డి మరకల్లో సోది చూసినట్టు కారణం వెతికావు. ఒకనాడు పాము కనబడింది, ఒకనాడు పక్కింటి స్తానియా దిష్టి. సరిగ్గా తేలలేదంటూ రెండో కప్పు కూడా పోశావు.

నిన్న డాక్టరమ్మ అడిగింది, "పడుకోబోయే ముందు ఏం తాగుతారు?" అని. చెప్పాను. పెన్ను కింద పెట్టి నవ్వింది. "దొంగ ఎవరో దొంగనే అడుగుతున్నారు కదమ్మా!" అంది.

ఇవాళ గుండె పరీక్ష చేస్తారట. సాయంత్రానికి వచ్చేస్తాను. నాకు భయంగానే ఉంది. నీ మీద కోపం లేదు, మీ తమ్ముడు పోయాక నాకు మిగిలిన కబుర్లు ఆ కప్పు దగ్గరివే. ఇకపై కప్పు పొద్దున చూద్దాం. రాత్రి దడ వస్తే గోడ తడతాను. వచ్చి కూర్చో, ఉత్త చేతులతో.

కాఫీ డబ్బా వెతక్కు. నా సంచిలో ఉంది.

పెత్కానా, డెబ్బై ఒక్క ఏళ్లు, పిరోత్ ఊళ్లో నీ గోడకు అవతలి గది