వట్టి బొమ్మ అని రాసివ్వలేనని మనవి

హార్లో క్రాసింగ్ పట్టణ పోలీసు ముఖ్యాధికారి గారి సముఖమునకు, తమ ఠాణా రెండవ గదిలో ఉంటున్న ఫిదెన్సియో తాపియా, మెక్సికో దేశస్థుడు, టమాటా గ్రీన్‌హౌస్ పనివాడు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కారులో పసిబిడ్డను చలికి వదిలేశానన్న నేరంపై నన్ను మూడు రోజులుగా నిర్బంధించుట, సదరు బిడ్డ ప్లాస్టరుతో చేసిన బాలయేసు అగుట గురించి.

1. నేను కెనడాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఏ గొడవలోనూ లేను. మేం మెక్సికోవాళ్లం జనవరి ఆరున తీపి రొట్టె కోస్తాం. అందులో దాచిన వేలెడు పిల్లవాడి రూపు ఎవరి ముక్కలో వస్తే వారే ఆ ఏడు ఇంట్లోని బాలయేసుకు జ్ఞానతండ్రి. ఫిబ్రవరి రెండున ఆయనకు కొత్త బట్టలు తొడిగి చర్చికి ఎత్తుకెళ్లాలి, అందరికీ తమాలెలు, అంటే మొక్కజొన్న పిండి పొట్లాలు, వండి పెట్టాలి. ఈ ఏడు అది నా పంటి కింద పడింది. పన్ను కూడా విరిగింది. పన్ను గురించి నాకు ఫిర్యాదు లేదు.

2. జనవరి ముప్పయిన పట్టపగలు, బట్టల కొలతల కోసం బాలుడిని కుట్టుపని చేసే ఆవిడ దగ్గరికి తీసుకెళ్తూ, తమాలెల పిండి కొనడానికి ఒక దుకాణం ముందు ఆగాను. ఆయనను వెనక సీటులో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, బెల్టు కూడా పెట్టాను. లోపల పదకొండు నిమిషాలు పట్టింది. చలి సున్నాకు పద్నాలుగు డిగ్రీల కింద ఉన్నమాట వాస్తవమే. శ్రీమతి హేజెల్ ప్రూయిట్ అనే పెద్దావిడ అద్దం తట్టి చూసింది. బిడ్డ కదల్లేదు. ఆవిడ కబురుపై వచ్చిన కానిస్టేబుల్ రెడ్మండ్ గారు అద్దం పగలగొట్టి, బిడ్డను బయటికి తీసి, గుండె మీద రెండు వేళ్లతో నొక్కసాగారు. ఏడెనిమిదిసార్లు నొక్కాక గాని అది ప్లాస్టరని వారికి తెలియలేదు. ప్రూయిట్ గారు ఈనాటికీ నమ్మలేదు. “నేను చూసింది నిజం బిడ్డనే. వీడే ఎక్కడో మార్చేశాడు” అని రాసిచ్చింది. కావున ఆ నిజం బిడ్డను నేను చూపించవలసి ఉన్నది.

3. సార్జెంట్ డన్నింగ్ గారు ఫోనులో దుబాసీని పెట్టి విచారించారు.

“కారులో ఉన్నది ఎవరు?”

“బాలుడండీ.”

“నీ కొడుకా?”

“కాదండీ. మా అత్తగారింట్లో ఉంటాడు. నేను ఈ ఒక్క ఏడాదికి జ్ఞానతండ్రిని.”

“వయసెంత?”

“నలభై దాకా ఉంటాయి.”

“ఒంటి మీద దెబ్బలేమైనా?”

“కుడిచేతి వేలు విరిగిందండీ. మా అత్తగారు కింద పడేసింది.”

“డాక్టరుకు చూపించారా?”

“లేదండీ, జిగురు పెట్టాం.”

ఒక్కటీ అబద్ధం చెప్పలేదు. అందుకే లోపలేశారు. “వేళాకోళాలా నాతో? బొమ్మ అని ఒక్క ముక్క ముందే ఏడవొచ్చుగా!” అని సార్జెంటు గారు బల్ల గుద్దారు. అయ్యా, బాలుడి ఎదుట ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు. ఆయన అప్పుడు ఆ బల్ల మీదే ఉన్నారు, ప్లాస్టిక్ సంచీలో, సాక్ష్యం నంబరు పదిహేడుగా.

4. మంచు తుఫాను వల్ల మేజిస్ట్రేటు గారు రాలేదు. నిన్న సార్జెంటు గారు ఒక కాగితం తెచ్చారు. “కారులో ఉన్నది వట్టి బొమ్మ మాత్రమే” అని ఒకటే వాక్యం. సంతకం పెడితే ఫైలు మూసేస్తారట. “పెట్టిపారేయవయ్యా బాబూ, నాకూ ఇల్లూ వాకిలీ ఉన్నాయి” అన్నారు. బాలయేసు అని మార్చమన్నాను. ఫారంలో ‘బిడ్డ’, ‘వస్తువు’ అని రెండే గడులున్నాయి, మూడోది లేదన్నారు. నేను పెట్టలేదు.

కారణం మనవి చేసుకుంటున్నాను. నా భార్య మారిక్రూస్‌కు మూడుసార్లు కడుపు నిలవలేదు. ఇది నాలుగోసారి. ఈ వారమే నెలలు నిండుతాయి. తొమ్మిది నెలలుగా పొద్దున్నే లేచి ఆ బాలుడి పాదాలు పట్టుకుని అడుగుతోంది. ఆమె చూడనప్పుడు నేనూ పట్టుకున్నాను. ఇప్పుడు వట్టి బొమ్మ అని రాసిచ్చేస్తే ఇన్నాళ్లూ మేము ఎవరిని అడిగినట్టు? ఇలాంటివి అధికారులకు రాయకూడదేమో గాని, నాకు చాలా భయంగా ఉంది.

4 (అ). ఈ విషయమై మా అత్తగారు తొమాసా ఠాణాకు ఫోను చేసింది. “ఏమయ్యా అల్లుడూ, జైల్లో పడ్డావు సరే, నోరు జాగ్రత్త. ఆ మాట అన్నావో, నా గడప తొక్కకు. అన్నట్టు ఆయనకి చలేస్తుందేమో, సంచీలో కాస్త గుడ్డేమైనా వెయ్యమను” అంది. అడిగాను. సాక్ష్యాలకు దుప్పటి కప్పే నిబంధన లేదని సార్జెంటు గారు సెలవిచ్చారు. ఇది కూడా ఫిర్యాదుగా నమోదు చేయగోరుతున్నాను.

5. కారు అద్దం.

కావున తమరు ఇదంతా చిత్తగించి, నా చేత ఆ వాక్యం ఒప్పించకుండానే, బిడ్డ పుట్టేలోగా నన్ను ఇంటికి పంపవలెను.

తమ విధేయుడు, వేరే దారి లేక ఇక్కడే ఉన్నవాడు,
ఫిదెన్సియో తాపియా
ఫిబ్రవరి 1

తా.క.: ఇది కవరులో పెట్టబోతుండగా అత్తగారు మళ్లీ ఫోను చేసింది. “నొప్పులు మొదలయ్యాయిరా నాయనా. అది నీ పేరు పెట్టి అరుస్తోంది, నా వల్ల కావట్లేదు. ఆ సంతకమేదో పెట్టేసి రా. ఆయనతో నేను మాట్లాడుకుంటాలే” అంది. పెట్టేశాను. కాస్త వంకర పోయింది గాని సంతకం నాదే. ‘వస్తువు’ గడిలో టిక్కు కూడా నేనే పెట్టాను. కారు అద్దం సంగతి అలాగే ఉంచండి. సార్జెంట్ డన్నింగ్ గారి మీద రాసిందంతా కొట్టేయండి. నేను సంతకం పెడుతున్నంతసేపూ ఆయన సంచీ విప్పి, బాలుడి చెవులు రెండూ చేతులతో మూసి పట్టుకున్నారు.