మూడు వేల పాయింట్లు, ఒక కాఫీ పొట్లం

అక్టోబరు 6, ఆదివారం

లిపా సూపర్‌మార్కెట్ కొత్త కేటలాగ్ వచ్చింది. పెనాలు, దుప్పట్లు, సూట్‌కేసు, మళ్ళీ పెనాలు. పన్నెండో పేజీలో ప్రెషర్ కుక్కర్ పక్కన పెద్ద నిఘంటువు. పదిహేను వందల పేజీలు. మూడు వేల పాయింట్లు. ఆ పేజీని నాలుగుసార్లు చదివాను.

లెక్క వేశాను. పాయింట్లను కౌంటర్‌లో సరుకులకు తీసేయించుకుంటే పాయింటుకు ఒక దినార్. పెనం తీసుకున్నా దాదాపు అంతే. నిఘంటువు బయట తొమ్మిది వేలు. అంటే పాయింటుకు మూడు దినార్లు. కేటలాగ్ మొత్తంలో ఇంత లాభమైన వస్తువు ఇంకొకటి లేదు. కేటలాగ్ వేసినవాళ్ళకు కూడా ఈ సంగతి తెలిసినట్టు లేదు.

మా కార్డులో 1,960 ఉన్నాయి. నిఘంటువుకు గడువు డిసెంబరు 20, రాత్రి ఎనిమిది. తక్కువైతే డబ్బు కలిపి కట్టడం కుదరదు.

అక్టోబరు 9, బుధవారం

నిన్న చల్లారిన సూపు మీద కొవ్వు పొర చూసి నానమ్మ స్క్రామా తీసెయ్యవే అంది. స్క్రామా. ఎంత బాగుంది. అది ఎక్కడ పుట్టిందో చూద్దామని బడి అయిపోగానే లైబ్రరీకి పరుగెత్తాను. అక్కడి నిఘంటువు ఇంటికి ఇవ్వరు. ఇచ్చినా లాభం లేదు. ఎవరో చివరి అక్షరాల పేజీలు చింపుకుపోయారు.

అక్టోబరు 20, ఆదివారం

ఫ్రిజ్ మీద కాగితం అంటించాను, పైన నిఘంటువు, 3,000 అని. మంగళవారం డబుల్ పాయింట్లు, అందుకే పెద్ద సరుకులన్నీ మంగళవారమే. పసుపు గుర్తున్న పాలు, నూనె మాత్రమే, వాటికి అదనపు పాయింట్లు. కార్డు లేకుండా ఎవరూ గడప దాటకూడదు.

నాన్న ఇవాళే సంత నుంచి పది కిలోల ఉల్లిపాయలు తెచ్చాడు. సంతలో అమ్మే ముసలమ్మకు కార్డు గీసే మెషీన్ లేదు తల్లీ, ఉంటే నీ కోసం గీయించేవాడిని అన్నాడు. అమ్మ నవ్వింది.

నవంబరు 2, శనివారం

కొత్త ఆఫర్. రెండు వందల గ్రాముల కాఫీ పొట్లం మీద స్టిక్కర్. దాని నంబరు ఫోన్‌లో కార్డుకు ఎక్కిస్తే వంద పాయింట్లు.

కాఫీ కొందామన్నాను. మనింట్లో కాఫీ ఎవడు కొంటాడే, కాఫీ దానంతట అదే వస్తుంది అని నాన్న.

అది నిజమే. మా ఊరు షాబాత్స్‌లో ఎవరింటి స్లావాకు వెళ్ళినా చేతిలో ఒక కాఫీ పొట్లం, ఒక చాక్లెట్ డబ్బా. స్లావా అంటే ఆ ఇంటి పరిశుద్ధుడి పండుగ, దానికి ఒట్టి చేతులతో వెళ్ళకూడదు. అలా వచ్చినవాటిని ఎవరూ విప్పరు. అల్మరాలో పెట్టి, ఇంకొకరి స్లావాకు తీసుకుపోతారు. ఒక చాక్లెట్ డబ్బా మా బడి కంటే పాతదని నా అనుమానం.

నవంబరు 21, గురువారం

దేసంక అత్త ఇంట్లో స్లావా. అమ్మ అల్మరాలోంచి తీసిన కాఫీకి స్టిక్కర్ ఉంది. అమ్మ చెప్పులు వెతుక్కుంటుంటే మెల్లగా పీకేశాను. వంద. ఏ పొట్లానిది పీకానో మరిచిపోకుండా అడుగున పెన్సిల్‌తో టిక్కు పెట్టాను. జిగురు మరక మిగిలింది కానీ అమ్మ కట్టిన రిబ్బన్ కింద దాక్కుంది.

నవంబరు 22, శుక్రవారం

పుస్తకంలో అంటించుకున్న స్టిక్కర్ అమ్మ చూసింది. బహుమానానికి తోలు ఒలిచి ఇస్తావా, రేపు దేసంక ఊరంతా టముకు వేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను అని అరగంట. అల్మరాకు తాళం పడింది. లోపల ఇంకా ఐదు స్టిక్కర్లున్నాయి.

డిసెంబరు 15, ఆదివారం

2,870. గురువారం మా స్లావా, మా పరిశుద్ధుడు నికోలా పండుగ. దానికి సరుకులు దాదాపు పదమూడు వేల దినార్లవి, వంద దినార్లకు ఒక పాయింటు. మంగళవారమే కొంటే డబుల్, రెండు వందల అరవై పాయింట్లు. గెలిచాను. కొత్త పుస్తకం ఎక్కడ పెట్టాలో చూసుకున్నాను. కిటికీ పక్క నా పుస్తకాల బీరువాలో రెండో అర. నానమ్మ మాటలు నలభై ఒకటి రాసి పెట్టాను, రాగానే చూడాల్సినవి.

డిసెంబరు 17, మంగళవారం

నాకు పరీక్ష ఉందని సరుకులకు నాన్న వెళ్ళాడు. కార్డు, లిస్టు రెండూ నేనే చేతిలో పెట్టాను.

తిరిగొచ్చి, సంచులు దించకముందే, ఇవాళ నీ నాన్న ఎంత మిగిల్చాడో చెప్పుకో అన్నాడు. కౌంటర్‌లో లుబింకా పాయింట్లు తీసెయ్యమంటావా రదోయ్కో అని అడిగిందట. తీసెయ్, దేనికి దాచుకుంటాం అన్నాడట. 2,870. పాయింటుకు ఒక దినార్. వాల్‌నట్లకు, పంచదారకు, కాగితపు నాప్కిన్లకు.

నాప్కిన్లకు.

ఫ్రిజ్ మీద కాగితం చూపించాను. నాన్న చదివాడు. రెండు నెలలుగా అది అక్కడే ఉంది. ఇది నీ బడి టైంటేబుల్ అనుకున్నానే అన్నాడు.

డిసెంబరు 18, బుధవారం

పాయింట్లు తీసేసిన బిల్లుకు డబుల్ పడదట, నిన్నటి మిగతా బిల్లు మీద పడినవి కార్డులో సరిగ్గా 100.

నాన్న సావా నది దగ్గర తన స్నేహితుడి నుంచి బంగారుతీగ చేపలు తెచ్చాడు, ఆరు కిలోలు. ఎప్పుడూ అక్కడి నుంచే. లిపాలో చేపలకు ట్రిపుల్ పాయింట్లున్నాయి. ఫ్రీజర్‌లో చచ్చిన చేపను నికోలా ముందు పెట్టనా అన్నాడు. నా మొహం చూసి గొంతు తగ్గించాడు.

నానమ్మ ఆప్రాన్ జేబులోంచి తీసి నా చేతిలో ఏదో పెట్టింది. అల్మరా తాళంచెవి. మీ అమ్మ పండుగకు గోధుమలు ఉడికిస్తోంది, ఇంకో గంట ఇటు రాదు అంది. ఐదు స్టిక్కర్లు. 600.

డిసెంబరు 19, గురువారం, ఉదయం 11

స్లావాకు ఎవరినీ పిలవరు. ఎవరు వస్తారో, ఎందరో తెలియదు. జీవితంలో మొదటిసారి అందరూ రావాలని కొవ్వొత్తి ముందు నిలబడి కోరుకున్నాను. పరిశుద్ధుడికి నా ఉద్దేశం తెలిసే ఉంటుంది.

సాయంత్రం 4

అమ్మకు అంతా చెప్పేశాను. అమ్మ పళ్ళెం తుడుస్తూ వింది. వచ్చినవాటివి పీక్కో, ఇచ్చేవాటివి ముట్టుకోకు అంది. నాన్న ఒక్కో అతిథి చేతిలోంచి కాఫీ అందుకుని నేరుగా నాకే పంపిస్తున్నాడు. స్టోర్‌రూంలో మూటల మధ్య కూర్చుని పీకుతున్నాను. 1,900.

సాయంత్రం 7

ఇరవై రెండు స్టిక్కర్లు. పక్క వీధి టీచరు కాఫీ బదులు ఆర్కిడ్ పువ్వు తెచ్చింది. ఆవిడ మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

డిసెంబరు 20, శుక్రవారం, ఉదయం

మొత్తం ముప్పై ఒక్క పొట్లాలు. ఏడు వేరే కంపెనీవి. ఇరవై మూడు స్టిక్కర్లు ఎక్కించాను. 2,900. చివరి పొట్లం దేసంక అత్తది, రిబ్బన్‌తో. మిగిలింది అదొక్కటే, కావాల్సింది సరిగ్గా ఒక్కటే.

రిబ్బన్ విప్పాను. జిగురు మరక. తిప్పి చూశాను. అడుగున పెన్సిల్ టిక్కు.

మధ్యాహ్నం

అత్తకు ఫోన్ చేశాను. రిబ్బన్ విప్పిన రోజే చూశానే పిల్లా అంది. మా తమ్ముడింట్లో ఎలుకలు పడ్డాయి, కాఫీ వదిలేసి స్టిక్కర్లు తింటున్నాయి అని మీ మామయ్యతో అన్నాను అంది. ఎవరి సొమ్ము వాళ్ళకే చేరాలి కదా అని తెచ్చానంది. నీ దగ్గర ఇంకోటి ఉందా అత్తా అని అడిగాను. నా కాఫీలన్నీ నిన్న అయిపోయాయి, ఊళ్ళో సగం మందికి నికోలా పండుగే కదా, తిరగలేక కాళ్ళు పడిపోయాయి అంది. తర్వాత, ఏమే, ఏడుస్తున్నావా అంది. లేదన్నాను.

పీకకపోతే ఆ పొట్లం మా ఇంటికి వచ్చేదే కాదు. పీకాను కాబట్టి వచ్చింది, బోసిగా. ఎటు నుంచి లెక్కేసినా వంద తక్కువ.

రాత్రి 8.20

లిపాలో కాఫీ అర ఖాళీ. నికోలా పండుగ ఊడ్చేసింది. నాలుగింటి నుంచి లుబింకా కౌంటర్ పక్కన నిలబడి, కార్డు లేనివాళ్ళను మా కార్డు గీయనిస్తారా అని అడిగాను. కాదన్నవాళ్ళు లేరు. కానీ పండుగ మర్నాడు ఎవరేం కొంటారు. ఇంటినిండా చేపలు మిగిలాయి. రొట్టె, పెరుగు, సిగరెట్లు. సిగరెట్లకు పాయింట్లు పడవు. ఒక తాత నా కోసం సబ్బు ఒకటి ఎక్కువ తీసుకున్నాడు.

నాలుగు గంటల్లో పద్నాలుగు పాయింట్లు. 2,914. ఎనిమిదింటికి లుబింకా నిఘంటువు బొమ్మ ఉన్న బోర్డు తీసి కౌంటర్ కింద పెట్టేసింది. నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చాక నాన్న చేప ముక్క వేడి చేసి పెట్టాడు. తిన్నాను. చాలా బాగుంది, అది ఇంకా కోపం తెప్పించింది.

జనవరి 18, శనివారం

లుబింకా పాయింట్లు తీసెయ్యమంటావా అని అడిగింది. తీసెయ్ అన్నాను.

తొమ్మిది కాఫీ పొట్లాలు. కొత్త స్టిక్కర్లు, గడువు వచ్చే నికోలా పండుగ దాటాక. ఒక్కటీ పీకలేదు, ఊరంతా తిరిగి మా ఇంటికి రావాల్సినవే. అడుగున టిక్కుకు బదులు ఒక్కోదాని మీద నానమ్మ మాట ఒకటి రాశాను. సోమవారం జోవన్ పండుగ చేసుకునేవాళ్ళింటికి మొదటిది వెళ్తుంది. దాని మీద స్క్రామా.

అర్థం రాయలేదు.