అర్జీ కింద సంతకం

రోహిణీ,

ఆ రోజు నేను పైకి చదివిన పేరు నీకు గుర్తుందా? పద్దెనిమిదేళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాను. ఫోన్లో అడిగితే నన్ను ఊరడించడానికి ఏదో ఒకటి చెప్పేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

మాదాపూర్ ఆఫీసులో పక్కపక్కన కూర్చుని ఆస్ట్రేలియాలోని ఒక చిన్న ఊరి పాత కాగితాలు టైపు చేసేవాళ్లం కదా. ఇంటింటికీ తిరిగి బట్టలమ్ముకునే లైసెన్సుకి ఒకాయన పెట్టుకున్న అర్జీ వచ్చింది. పేరు గడిలో అక్కడి గుమాస్తా 'హిందూ' అని రాసి ఊరుకున్నాడు. కింద సంతకం మాత్రం తెలుగులో ఉంది! నేను సంబరంగా చదివితే, "ఇంగ్లిష్ గానిది కొడితే ఎర్రర్ పడ్తది. సమజ్ గాలేదని కొట్టు, ఇగ నడువ్" అన్నావు. అలాగే కొట్టాను. చెయ్యి నాదే, నిన్నేమీ అనడం లేదు.

ఆ కాగితాలు, మనకు పంపిన వాటి ఫోటోల డిస్కులు తర్వాత అక్కడి వరదలో పోయాయట. మనం టైపు చేసిందే మిగిలింది. వచ్చే నెల, అక్కడ బట్టలమ్మిన ఒకే ఒక్క 'హిందూ' అంటూ ఆయన సమాధికి రాయి వేయిస్తూ 'పేరు తెలియదు' అని చెక్కిస్తారని ఆ ఊరి వెబ్‌సైటులో చూశాను.

నాకు నర్సయ్య అని గుర్తు. అది చదివిన పేరో, ఇన్నేళ్లలో నేనే పెట్టుకున్న పేరో తెలియదు. నీకూ గుర్తు లేకపోతే, ఆ పేరే వాళ్లకు చెప్పాలా? ఇంకొకరి పేరు మోయడం కన్నా పేరు లేకుండా ఉండడమే ఆయనకు మర్యాదా? నాకింకా తేలలేదు.